చీకటితోనే మొరిగే కుక్కలు: సందేహాలు – సమాధానాలు

పెంపుడు కుక్క తెల్లవారకముందే లేచి ఇల్లంతా లేపేస్తోందంటూ వచ్చిన ఉత్తరాల్ని ఈసారి ఒకచోట చేర్చాను. సమాధానాల్లోకి వెళ్లేముందు ఒక్క సంగతి. కుక్క మనలా ఒకే దఫాగా ఏడెనిమిది గంటలు పడుకోదు. రోజు మొత్తంలో 12 గంటలకు అటూ ఇటూ విడతలు విడతలుగా నిద్రపోతుంది. ఉదయం, సాయంత్రం సంధ్యవేళల్లో దానికి చురుకెక్కువ. కాబట్టి నాలుగున్నరకు మెలకువ రావడం జబ్బేమీ కాదు. మెలకువ వచ్చాక ఒళ్లు విరుచుకుని మళ్లీ పడుకోకుండా ఎందుకు మొరుగుతోందన్నదే అసలు ప్రశ్న. మొరగడానికి పది నిమిషాల ముందు ఏం జరిగింది, మొరిగిన రెండు నిమిషాలకు ఇంట్లో ఎవరేం చేశారు – ఈ రెండూ గమనిస్తే జవాబు చాలావరకు దొరుకుతుంది. ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది మొదటిది రాయలేదు. రెండోది మాత్రం తమకు తెలియకుండానే రాసేశారు.

ప్రశ్న: కార్తికమాసమంతా మా అత్తగారు తెల్లవారుజామున 4 గంటలకే లేచి స్నానం చేసి దీపం పెట్టుకునేవారు. ఆవిడ లేవగానే మా లాబ్రడార్ రాకీ కూడా లేచి వంటింటి గడప దగ్గర కూర్చునేవాడు. పోలి పాడ్యమి వెళ్లి నెల దాటింది. అత్తగారు ఇప్పుడు ఆరింటిదాకా లేవడం లేదు. వీడు మాత్రం నాలుగింటికే తలుపు గీకి మొరుగుతున్నాడు. లేచి రెండు బిస్కెట్లు వేస్తేగానీ ఊరుకోడు. వాడికి రెండేళ్లు. ఏం చెయ్యమంటారు?
– ఓ గృహిణి, తెనాలి

జవాబు: వాడికి క్యాలెండర్ తెలియదు కానీ కడుపుకి వేళ తెలుసమ్మా. రోజూ ఒకే సమయానికి తిండి అందితే, ఆ సమయానికి కాస్త ముందే ఒళ్లు మేల్కొని సిద్ధమైపోవడం జంతువులన్నిట్లోనూ ఉన్నదే. కార్తికంలో మీ అత్తగారు దీపం పెట్టి వస్తూ వస్తూ వాడి నోట్లో ఏదో ఒకటి వేసే ఉంటారు. అడిగి చూడండి, కోపంగా కాకుండా. మాసం అయిపోయాక ఆ బాధ్యత మీరు తీసుకున్నారు, అంతే తేడా. పైగా వీడు లాబ్రడార్. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ జాతి కుక్కల్లో దాదాపు నాలుగోవంతు వాటికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందనీ, అలాంటివాటికి తిండి ధ్యాస మిగతావాటికంటే ఎక్కువనీ తేల్చారు. మీవాడు ఆ లెక్కలో ఉన్నాడో లేడో గానీ, నాలుగింటి బిస్కెట్‌ను తనంతట తాను మర్చిపోతాడని మాత్రం ఆశపెట్టుకోకండి.

రేపటినుంచి బిస్కెట్ మానేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది కానీ, మానేసిన మొదటి కొన్ని రోజులు మొరుగుడు తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసిన ఉపాయం ఉన్నట్టుండి పనిచేయకపోతే మనమైనా ఇంకాస్త గట్టిగానే ప్రయత్నిస్తాం. సరిగ్గా ఆ మూడోరోజో నాలుగోరోజో మీవారు విసుగెత్తి లేచి, ‘వేసెయ్యవే, పక్కింటివాళ్లు లేస్తారు’ అంటారు. అక్కడితో పని చెడుతుంది. పది నిమిషాలు మొరిగితే రాలేదు, అరగంట మొరిగితే వచ్చిందన్నమాట అని వాడు లెక్క వేసుకుంటాడు. రోజూ ఠంచనుగా వచ్చే తిండికంటే ఎప్పుడో ఒకసారి తగిలే లాటరీలాంటి తిండే కుక్క అలవాటును గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇంట్లో అందరూ ఒక్కమాట మీద నిలబడగలిగితేనే ఈ దారి పట్టండి.

లేదంటే ఇంకో దారి ఉంది. ఓపిక కావాలి, కానీ గొడవ తక్కువ. వాడు నాలుగింటికి మొరుగుతున్నాడంటే మీరు 3:45కి అలారం పెట్టుకుని, వాడు నోరు తెరవకముందే లేవండి. పెద్ద లైటు వేయకండి, ముద్దు మాటలొద్దు. గొలుసు కట్టి పెరట్లోకి తీసుకెళ్లి ఒంటికి పోనిచ్చి, తిరిగి తెచ్చి పడుకోబెట్టండి. తిండి జోలికి పోవద్దు. మొరగకుండా మళ్లీ పడుకున్నాడంటే, రెండు మూడు రోజులకోసారి అలారాన్ని 15 నిమిషాలు వెనక్కి జరుపుతూ పోండి. ఆరింటిదాకా జరపడానికి మూడు వారాలు పట్టవచ్చు. మధ్యలో ఒకరోజు ముందే మొరిగితే, మళ్లీ పాత సమయానికి వెళ్లి అక్కడినుంచి మొదలుపెట్టండి.

తిండిని మాత్రం మనుషులు లేవడంతో ముడిపెట్టకూడదు. ఎవరు లేచినా వాడికి గిన్నె చప్పుడు వినపడకూడదు. లేచిన అరగంటో ముప్పావుగంటో గడిచాకే, ఫోన్లో ఒక ప్రత్యేకమైన మోత మోగాకే గిన్నె రావాలి. కొద్దిరోజుల్లో వాడు మీ మొహం చూడ్డం మానేసి ఆ మోత కోసం చూస్తాడు. పూజగంట అయితే బాగుంటుందేమో అని మీకు అనిపించవచ్చు. వద్దు. వచ్చే కార్తికానికి అది మళ్లీ నాలుగున్నరకే మోగుతుంది.

రాత్రి తిండి ఏడింటికే పెట్టేస్తుంటే ఎనిమిదిన్నరకు మార్చండి, పడుకునే ముందు పదిన్నరకు ఒకసారి బయటికి తిప్పండి. ఇక మీరు వేసే ఆ బిస్కెట్లు చాలావరకు మైదా, చక్కెరే. లాబ్రడార్ బరువు పెరిగితే మొదట దెబ్బతినేవి తుంటి కీళ్లు.

ప్రశ్న: మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న నాటు కుక్క, ఆడది, నాలుగేళ్లు. బాల్కనీలో పడుకుంటుంది. ఐదింటికి పాలప్యాకెట్ల అబ్బాయి, ఆ తర్వాత పేపరబ్బాయి. ఇద్దరి మీదా విరుచుకుపడి మొరుగుతుంది. లోపలినుంచి ఎంత కేకలేసినా ఆగదు. మే నెలలో అయితే ఇంకా ముందే మొదలెడుతుంది.
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ కుక్క వైపునుంచి ఒకసారి చూడండి. పొద్దున్నే ఎవడో తన ఇంటి దగ్గరికొస్తాడు. తాను మొరుగుతుంది. వాడు వెళ్లిపోతాడు. పాలు వేసేసి వాడెలాగూ వెళ్లిపోయేవాడేనన్న సంగతి దానికి తెలియదు. తన మొరుగుడుకే భయపడి పారిపోయాడనుకుంటుంది. రోజుకు రెండుసార్లు గెలుస్తున్న ఆటను ఎవరు మానుకుంటారు? ఇక లోపలినుంచి మీ కేకలు. పడకమీదనుంచి మీరు ‘ఏయ్, నోర్ముయ్’ అని అరిస్తే, యజమాని కూడా గొంతు కలిపాడని దానికి ఇంకాస్త ఊపొస్తుంది. నాటు కుక్కలకు కాపలా గుణం పుట్టుకతోనే ఎక్కువ, వినికిడి ఇంకా ఎక్కువ. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి 45 వేల దాకా పట్టుకుంటుంది. మీరు లిఫ్ట్ తలుపు చప్పుడు వినేసరికి అది కింద గేటు దగ్గర బండి స్టాండు వేసిన సంగతి కూడా వినేసి ఉంటుంది.

ముందు దాన్ని బాల్కనీలోంచి లోపలికి తీసుకురండి. ఇదొక్కటి చేస్తే సగం పని అయిపోతుంది. వీధి కనపడని, ముందు తలుపుకి దూరంగా ఉన్న గదిలో పాత దుప్పటి వేయండి. ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. ఆ సన్నని హోరు బయటి చప్పుళ్లను చాలావరకు మింగేస్తుంది. మందపాటి కర్టెన్ వేయండి. హైదరాబాద్‌లో జనవరిలో సూర్యుడు 6:45 దాటాక గానీ రాడు. మే చివరికొచ్చేసరికి 5:40కే వచ్చేస్తాడు, వెలుతురు ఇంకో ఇరవై నిమిషాల ముందే పరుచుకుంటుంది. వేసవిలో మీ కుక్క ముందుగా మొదలెట్టడానికి కారణం అదే. పాలబ్బాయికీ పేపరబ్బాయికీ బెల్ కొట్టొద్దని, తలుపుకి సంచీ తగిలిస్తాం అందులో వేసిపొమ్మని చెప్పండి.

ఆ తర్వాతది శిక్షణ. ఇది పొద్దున ఐదింటికి చేసేది కాదు, సాయంత్రం తీరిగ్గా చేసేది. ఇంట్లో ఎవరో ఒకరు తలుపు అవతలికి వెళ్లి సంచీ గలగలలాడించాలి, చెప్పుల చప్పుడు చేయాలి. మొదట్లో చాలా మెల్లగా. చప్పుడు వినపడిన మరుక్షణం, అది మొరగకముందే, మీరు చిన్న ఉడికించిన చికెన్ ముక్క పెట్టాలి. చప్పుడు, వెంటనే ముక్క. రోజూ ఐదు నిమిషాలు చాలు. కొన్నాళ్లకు చప్పుడవగానే తలుపు వైపు కాక మీవైపు చూస్తుంది. అప్పుడు చప్పుడు కొంచెం పెంచండి. మొరిగిందంటే మీరు తొందరపడ్డారన్నమాట, ఒక మెట్టు దిగండి.

‘కాపలా కోసమే కదండీ పెంచుకుంటున్నది’ అని మీ ఉత్తరం చివర ఓ వాక్యం ఉంది. అలాంటప్పుడు అది తన ఉద్యోగం తాను చేస్తోంది, మీకు డ్యూటీ వేళలు నచ్చలేదు. మూడో అంతస్తు ఫ్లాట్‌కి వాచ్‌మన్ ఉండగా బాల్కనీలో కాపలా అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి.

ప్రశ్న: మూడు నెలల కుక్కపిల్ల. రాత్రి 11కి పడుకుంటే మూడింటికి లేచి ఏడుస్తుంది, మళ్లీ ఐదున్నరకు. పట్టించుకోవద్దని మిత్రులంటున్నారు.
– ఓ విద్యార్థి, హన్మకొండ

జవాబు: పట్టించుకోవాలి. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, సుమారుగా అన్ని గంటలు మూత్రం ఆపుకోగలదని మా మోటు లెక్క. మూడు నెలలకు నాలుగు గంటలు. 11 తర్వాత మూడింటికి లేస్తోందంటే గడియారంలా ఉంది మీ పిల్ల! అలారం పెట్టుకుని ముందే తీసుకెళ్లండి, ఆటల్లేకుండా తెచ్చి పడుకోబెట్టండి. ఐదారు నెలలకు రాత్రంతా ఆపుకోవడం చాలావాటికి వచ్చేస్తుంది. తల్లినుంచి కొత్తగా విడదీసి తెచ్చిన పిల్లయితే దాన్ని వసారాలో ఒంటరిగా కట్టేయకుండా మీ మంచం పక్కనే పడుకోబెట్టండి.

ప్రశ్న: మా పమేరియన్‌కి 13 ఏళ్లు. ఇన్నేళ్లూ పొద్దున్న ఏడింటిదాకా కదిలేది కాదు. మూడు నెలలుగా తెల్లవారుజామున రెండు, మూడింటికి లేచి గది మూలన గోడవైపు తిరిగి మొరుగుతోంది. పగలంతా నిద్ర. ఒక్కోసారి నన్నే కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తుంది. గోడవైపు చూసి మొరిగితే దానికేదో కనపడుతోందని, అరిష్టమని బంధువులంటున్నారు.
– ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, గోడమీద ఏమీ లేదు. మన ఇళ్లలో పమేరియన్ అని పిలుచుకునేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలే. వాటికి 13 ఏళ్లంటే మీకంటే పెద్ద వయసు. వయసు మళ్లిన కుక్కల్లో మనుషుల మతిమరుపు జబ్బులాంటిదే ఒకటి వస్తుంది. రాత్రి పగలు తారుమారవడం, మూలల్లో ఇరుక్కుని వెనక్కి రావడం తెలియకపోవడం, అయినవాళ్లను పోల్చుకోలేకపోవడం, ఎన్నడూ లేనిది ఇంట్లో మూత్రం పోయడం దాని గుర్తులు. మీరు రాసినవాటిలో మూడు అందులో ఉన్నాయి.

అయినా, చూడగానే ఆ జబ్బే అని ముద్ర వేసేయడం నాకిష్టం లేదు. ఈ వయసులో రాత్రిపూట లేపే కారణాలు ఇంకా ఉన్నాయి. మొదట చూడాల్సింది నీళ్లు. ఇదివరకటికంటే ఎక్కువ తాగుతోందా? పొద్దున గిన్నెలో నీళ్లు కొలిచి పోసి, రాత్రికి ఎంత మిగిలిందో చూసి రాసిపెట్టుకోండి. నీళ్లు ఎక్కువ తాగి రాత్రి మూత్రానికి లేస్తుంటే మూత్రపిండాలో, చక్కెర వ్యాధో, కుషింగ్స్ అనే హార్మోను జబ్బో ఉండవచ్చు. గర్భసంచి తీయించని ఆడకుక్కయితే గర్భసంచిలో చీము పట్టినా ఇలాగే నీళ్లు తాగుతుంది. అది ఆలస్యం చేయకూడని సంగతి. రెండోది దగ్గు. చిన్నజాతి ముసలి కుక్కల్లో గుండె కవాటం జబ్బు ఎక్కువ, దాని దగ్గు రాత్రిపూటే బాధిస్తుంది. మూడోది కీళ్లనొప్పి. పడుకుని లేచేటప్పుడు కుంటుతోందా, మెట్లు ఎక్కడానికి తటపటాయిస్తోందా చూడండి. పళ్లు, చెవులు, కళ్లు కూడా. చూపు మందగించిన కుక్క చీకట్లో మెలకువ వస్తే భయపడి అరుస్తుంది, చెవులు వినపడకపోతే తన గొంతు ఎంత పెద్దగా ఉందో దానికే తెలియదు. కాబట్టి ముందు పశువైద్యుడి దగ్గర రక్తం, మూత్రం పరీక్షలు చేయించండి. వీలైతే రాత్రి మొరిగేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్లండి. ఆస్పత్రి బల్లమీద నిలబెడితే ఏ కుక్కా తన రాత్రి బాధ చెప్పదు.

పరీక్షలన్నీ బాగుంటే అప్పుడు మతిమరుపు సంగతి. పూర్తిగా నయం చేసే మందు లేదు. సెలిజిలిన్ లాంటి మందులతో, చేప నూనె కలిసిన ఆహారంతో కొన్నింటికి నెమ్మదిస్తుంది, డాక్టరు చూసి రాయాలి. ఇంట్లో మీరు చేయగలిగినవి చాలానే ఉన్నాయి. పగలు దాన్ని అదేపనిగా నిద్రపోనివ్వకండి. పదింటికోసారి, సాయంత్రం ఐదింటికోసారి ఎండ తగిలేలా మెల్లగా తిప్పండి, దాని దారిన అది వాసనలు చూసుకుంటూ నడవాలి. అదే దానికి మెదడుకి మేత. రాత్రి చిన్న బెడ్‌లైటు ఉండాలి. టైల్స్ మీద జారకుండా పాత చాపలు పరవండి. మంచాలు, కుర్చీలు ఉన్నచోట ఉంచండి. మొరిగినప్పుడు తిట్టకండి. ఇది తెనాలి లాబ్రడార్ లాంటి కేసు కాదు. మీది బిస్కెట్ అడగడం లేదు, తానెక్కడున్నదో తెలియక అడుగుతోంది. వెళ్లి ఒళ్లు నిమిరి, నెమ్మదిగా పక్కమీదికి నడిపించండి.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా బీగిల్ రోజూ ఆరున్నరకు లేచేది. నవంబరులో గడియారం మారినప్పటినుంచి ఐదున్నరకే మొదలెడుతోంది. దానికి ఏమైనా అయిందా?
– ఓ ప్రవాసాంధ్రుడు, టెక్సస్

జవాబు: దానికేం కాలేదు, మీ గోడ గడియారానికే అయింది. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. కుక్క పాత లెక్కనే ఆరున్నరకు లేస్తోంది. వచ్చేసారి గడియారం మారడానికి వారం ముందునుంచే దాని తిండి, నడక, పడక రోజుకు పది నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తూ పోండి. ఇప్పుడైనా అదే పద్ధతి. మార్చి రెండో ఆదివారానికి మళ్లీ ముందుకు తిప్పుతారు కనుక, ఏమీ చేయకపోయినా అప్పటికి మీ గొడవ దానంతటదే తీరుతుంది. నవంబరులో మళ్లీ ఉత్తరం రాస్తారు, అంతే.

ప్రశ్న: పక్క ఫ్లాట్‌లో కుక్క రోజూ నాలుగున్నరకు బాల్కనీలో మొరుగుతుంది. మా అమ్మకి బీపీ. అసోసియేషన్‌లో తీర్మానం పెట్టి కుక్కల్ని అపార్ట్‌మెంట్‌లోంచి పంపించేయవచ్చా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పంపించలేరు. అపార్ట్‌మెంట్ సంఘాలు మెజారిటీ ఓటుతోనైనా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించలేవని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అయితే అవే మార్గదర్శకాలు, మొరగడం సహజమే అయినా ఎడతెరిపి లేకుండా మొరిగితే ఇరుగుపొరుగుకు ఇబ్బంది గనుక, ముఖ్యంగా రాత్రివేళ కుక్కను ఊరుకోబెట్టే ప్రయత్నం యజమాని చేయాలని కూడా చెప్పాయి. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నియమాల లెక్కన రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. అంటే నాలుగున్నర కచ్చితంగా రాత్రే. ఇద్దరికీ చట్టంలో చోటుంది.

కానీ చట్టం చేతపట్టుకుని తలుపు తట్టకండి. చాలామంది యజమానులకు తమ కుక్క ఎంతసేపు మొరుగుతోందో తెలియదు. లోపల ఏసీ వేసుకుని తలుపులు మూసుకుని పడుకుంటారు. వారంపాటు ఏ సమయానికి మొదలెట్టింది, ఎంతసేపు మొరిగింది రాసిపెట్టి, ఒక సాయంత్రం టీవేళ వెళ్లి చూపించండి. మియాపూర్ వారికి రాసిన జవాబు కూడా చూపించండి. కుక్కను లోపల పడుకోబెట్టండి అన్న ఒక్క కోరికతో ఆగండి. పది కోరికలు పెడితే ఒక్కటీ తీరదు. అప్పటికీ వినకపోతే సంఘం ద్వారా రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: పెంపుడు కుక్క కాదు, మా వీధి కుక్కలే తెల్లవారుజామున గుంపుగా అరుస్తాయి. దసరా దాటాక మరీ ఎక్కువ.
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: చిత్తకార్తె సంగతి మన పెద్దవాళ్లకు తెలుసు. వానలు వెనకపట్టాక వీధికుక్కలకు జతకట్టే కాలం, మగవాటి కొట్లాటలూ అరుపులూ అందుకే. దీనికి మందు కుటుంబ నియంత్రణ ఆపరేషనే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆ బాధ్యత స్థానిక సంస్థలది. ఆపరేషన్‌తోపాటు రేబిస్ టీకా వేసి, మామూలుగా పట్టిన చోటే వదలాలి. మీ వీధివాళ్లంతా కలిసి మునిసిపాలిటీకి అర్జీ ఇవ్వండి. పొద్దున్నే గేటు దగ్గర అన్నం వేసేవాళ్లుంటే, ఆ వేళను సాయంత్రానికి, చోటును ఇళ్లకు దూరంగా మార్చమని అడగండి. పొద్దున అన్నం పడే చోట పొద్దున్నే గుంపు చేరుతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మొరగగానే చిన్న షాక్ ఇచ్చే బెల్టు దొరుకుతోంది. లేదా మా నాన్నగారి నిద్రమాత్రలో సగం వేస్తే? కొందరు రాత్రిపూట మూతికి గుడ్డ కట్టమంటున్నారు.
– ఓ వ్యాపారి, కర్నూలు

జవాబు: మూడూ వద్దు. షాక్ బెల్టు కుక్కకు మొరగొద్దని నేర్పదు, ఆ క్షణంలో ఎదురుగా ఎవరుంటే వాళ్లంటే భయం నేర్పుతుంది. పాలబ్బాయిని చూసి మొరిగేది రేపు కరవచ్చు. వేల్స్‌లో 2010లోనే ఈ బెల్టుల్ని నిషేధించారు. మూతికి గుడ్డ కట్టడం అన్నిటికంటే ప్రమాదం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పితేనే ఒంట్లో వేడి బయటికి పోతుంది. కర్నూలు ఎండల్లో రాత్రిపూట కూడా నోరు కట్టేస్తే వడదెబ్బ తగిలి చచ్చిపోగలదు.

నిద్రమాత్రల సంగతి. మనుషులకు రాసినవి కొన్ని కుక్కల్ని పడుకోబెట్టకపోగా ఇంకా రెచ్చగొడతాయి. మోతాదు లెక్క కూడా వేరు. అలాగే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా ఇంట్లో ఉన్నాయి కదా అని వేయకండి, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇప్పటికే వేసి ఉంటే కుక్క బాగానే కనపడుతున్నా సరే, మాత్ర పేరు, వేసిన సమయం రాసుకుని వెంటనే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాత్ర వేయకపోయి ఉంటే, ముందు మీ కుక్క వయసెంతో, ఎక్కడ పడుకుంటోందో, రాత్రి ఎన్నింటికి తింటోందో, మొరగ్గానే మీరేం చేస్తున్నారో రాయండి. మీ ఉత్తరంలో బెల్టు ధర కూడా ఉంది కానీ, వీటిలో ఒక్కటీ లేదు.